పాత కారు బానెట్ కింద ఏది ఎక్కడుందో తెలుసుకోవడం ఎలా?

పాత కారు బానెట్ ఎత్తగానే కనిపించే గొట్టాలు, వైర్ల చిక్కు చూసి చాలామంది వెంటనే దించేస్తారు. భాగాల పేర్లు బట్టీ పడితే ఆ చిక్కు విడిపోదు. ఇంజిన్‌కు కావలసినవి ఐదే: గాలి, పెట్రోలు, కరెంటు, నీళ్లు, ఆయిల్. ప్రతిదీ ఎక్కడో బయలుదేరి ఎక్కడికో చేరుతుంది. ఆ దారి వెంట వేలు పెట్టుకుంటూ వెళ్తే పేర్లు వాటంతట అవే తెలుస్తాయి. సునాబెడలో యుద్ధ విమానాల ఇంజిన్లు తయారుచేసే ఒడిశాలోని మన కొరాపుట్ జిల్లాలో ఉంటూ మూడు సిలిండర్ల కారుకు భయపడడం మనకు తగదు.

ఇక్కడ ఉదాహరణగా కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం) ఉన్న పాత మారుతి 800ను తీసుకుంటున్నాను. రాయగడ, కొరాపుట్, జయపురం వైపు ఎవరి పెరట్లోనో ఒకటి ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. 1983 చివర్లో వచ్చిన ఈ కారు తయారీ 2014లో ఆగిపోయింది. 796 సీసీ ఇంజిన్, అందులో అడ్డంగా అమర్చి ఉంటుంది. అంబాసిడర్‌లో అయితే నిలువుగా ఉంటుంది. దిక్కులు మారినా దారులు అవే.

బండిని చదునైన చోట నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, తాళంచెవి తీసి, ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వండి. వాచీ, ఉంగరం తీసేయండి. బ్యాటరీ టెర్మినళ్ల మీద పానా అడ్డంగా పడితే నిప్పులు రేగుతాయి. ఏ వైరునైనా, గొట్టాన్నైనా ఊడదీసే ముందు ఫోనుతో ఫొటో తీయండి. తిరిగి బిగించేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

మొదట ఇంజిన్ రెండు చివరలు గుర్తుపట్టండి. ఒక పక్క రబ్బరు బెల్టు, పుల్లీలు కనిపిస్తాయి. రెండో పక్క గేర్‌బాక్స్ ఉంటుంది. బెల్టు తిప్పుతున్న వాటిలో రాగి తీగ చుట్లు కనిపించేది ఆల్టర్నేటర్. మన మెకానిక్కులు డైనమో అంటారు. పక్కనే నీళ్ల పంపు. రెండు పుల్లీల మధ్య బెల్టును బొటనవేలితో గట్టిగా నొక్కితే దాదాపు ఒక సెంటీమీటరు లోపలికి పోవాలి. అంతకంటే వదులుగా ఉన్నా, లోపలి వైపు పగుళ్లు కనిపించినా ఘాట్ ఎక్కకండి. ఈ ఒక్క బెల్టు తెగితే బ్యాటరీ చార్జింగ్, నీళ్ల ప్రసరణ రెండూ ఆగిపోతాయి.

ఇక గాలి, పెట్రోలు. పైన పెద్దగా కనిపించే గాలి ఫిల్టర్ డబ్బా మూత విప్పండి. కాగితం ఫిల్టర్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే కాంతి కనిపించాలి. ఎర్రమట్టి దారుల్లో తిరిగే బండికి పుస్తకంలో రాసిన గడువు కంటే ముందే మార్చడం మంచిది. గాలి అక్కడి నుంచి కార్బురేటర్‌కు పోతుంది. వెనుక ట్యాంకు నుంచి వచ్చే పెట్రోలు కూడా పంపు గుండా అక్కడికే చేరుతుంది. ఆ గొట్టాల చివరలు తడిగా ఉన్నా, పెట్రోలు వాసన వస్తున్నా ఆ రబ్బరు ముక్క మార్పించే వరకు బండి తీయవద్దు. కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి పలచన కాబట్టి మైదానంలో సరిచేసిన కార్బురేటర్ కొంచెం ఎక్కువ పెట్రోలు కలుపుతుంది. బండి బరువుగా లాగుతుంటే ముందు దాన్ని అనుమానించండి. చలి ఉదయాల్లో స్టార్టు కోసం లాగిన చోక్‌ను (పెట్రోలు పాలు పెంచే మీట) తిరిగి నొక్కడం మరిచిపోయినా ఇదే లక్షణం.

కరెంటు దారి బ్యాటరీ దగ్గర మొదలవుతుంది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు బ్యాటరీకి పెట్టిన వోల్టు మీటరు 12.6 వోల్టుల దరిదాపుల్లో, నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య చూపాలి. నడుస్తున్నా 12 దగ్గరే ఉంటే లోపం బెల్టులోనో ఆల్టర్నేటర్‌లోనో ఉంటుంది. కొత్త బ్యాటరీ కొని ప్రయోజనం లేదు. వోల్టేజీ పెంచే కాయిల్ నుంచి ఒక లావు వైరు, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత మధ్యకు వెళ్తుంది, అక్కడి నుంచి మూడు వైర్లు మూడు ప్లగ్గులకు. అవి తారుమారైతే బండి దడదడలాడుతుంది, లేదా అసలు స్టార్టు కాదు. అందుకే ఒక్కో ప్లగ్గునే విప్పి చూసి, బిగించాకే తర్వాతిదానికి వెళ్లండి. కొన లేత గోధుమరంగులో ఉంటే మంచిది. మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, నూనెతో తడిసి ఉంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది.

నీళ్ల సంగతి మన ప్రాంతంలో కాస్త తీరికగా చూడాల్సిందే. సాలూరు నుంచి సుంకి మీదుగా పొట్టంగి ఎక్కే దారిలో బండి చాలాసేపు చిన్న గేరులో నడుస్తుంది. ఇంజిన్ జోరుగా తిరుగుతుంది కానీ బండి వేగం తక్కువ కాబట్టి రేడియేటర్‌కు ఎదురుగాలి అందదు. పైగా 900 మీటర్ల ఎత్తులో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. వాటిని మరగకుండా ఆపేది రేడియేటర్ మూత. అది లోపల ఒత్తిడి పట్టి ఉంచడం వల్లే నీళ్లు నూరు డిగ్రీలు దాటినా పొంగవు. మూత రబ్బరు ఎండిపోతే మిగతా అంతా బాగున్నా ఘాట్ మీద ఆవిరి చిమ్ముతుంది. చాలామంది రేడియేటర్ మారుస్తారు, మూత మాత్రం పాతదే పెడతారు.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీయండి. వేడి మీద తీస్తే మరిగే నీళ్లు మొహం మీద చిమ్ముతాయి. నీళ్లు పైదాకా ఉండాలి, తుప్పురంగు ఉండకూడదు. పై గొట్టం, కింది గొట్టం పిండి చూడండి: మెత్తబడి ఉబ్బినా, గట్టిపడి చిట్లినా మార్చాల్సిందే. తర్వాత ఇంజిన్‌ను నిలిపిన చోటే నడపండి. కాసేపటికి ముందు ఉన్న ఎలక్ట్రిక్ ఫ్యాను తిరగాలి. వేడి ముల్లు పైకి పోతున్నా తిరగకపోతే ఫ్యూజు, వేడిని పసిగట్టే స్విచ్, ఫ్యాను మోటారు ఈ వరుసలో చూపించండి. అంబాసిడర్‌లో ఫ్యానును బెల్టే తిప్పుతుంది కాబట్టి అక్కడ ఈ వెతుకులాట ఉండదు.

ఆయిల్ చూడడం అన్నింటికంటే సులువు. చల్లారిన ఇంజిన్ డిప్‌స్టిక్‌ను (ఆయిల్ మట్టం చూపే సన్నటి కడ్డీ) లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ దింపి తీయండి. తడి రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటి పోయడమూ మంచిది కాదు. ఆయిల్ పోసే మూత అడుగున మజ్జిగరంగు నురగ కనిపిస్తే గాబరా పడకండి; చలికాలంలో దగ్గరి దూరాలే తిరిగే బండిలో కొంచెం తేమ పట్టడం మామూలే. డిప్‌స్టిక్ మీద కూడా అదే రంగు ఉండి, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే మాత్రం హెడ్ గాస్కెట్ (ఇంజిన్‌లో నీళ్లు, ఆయిల్ కలవకుండా ఆపే పలక) పోయి ఉండవచ్చు. ఇక మెకానిక్ దగ్గరికే.

డ్రైవరు సీటుకు ఎదురుగా ఉన్న చిన్న డబ్బాలోది బ్రేక్ ఆయిల్. మట్టం తగ్గిందంటే బ్రేక్ ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతుండాలి. ఊరికే నింపేసి ఘాట్ దిగకండి.

బెల్టు పక్కనే ప్లాస్టిక్ కవరు లోపల మరో పళ్ల బెల్టు ఉంటుంది, దాన్ని టైమింగ్ బెల్టు అంటారు. బయటికి కనిపించదు కాబట్టి ఎవరికీ గుర్తురాదు. తెగితే ఇంజిన్ ఉన్నచోటే ఆగిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండికి అది ఎప్పుడు మార్చారో రాతపూర్వకంగా లేకపోతే కొత్తది వేయించండి. ఆ పని మీరు పెట్టుకోవద్దు, గుర్తులు ఒక్క పన్ను తప్పినా బండి సరిగా నడవదు. వేయించిన తేదీ, అప్పటి కిలోమీటర్లు ఒక చీటీ మీద రాసి బానెట్ లోపలి వైపు అంటించండి.