తొలి హాఫ్ మారథాన్, 6వ పాఠం: బస్సు ఎక్కడం, బస్సులో ఉండటం, బస్సు దిగడం

గత పాఠంలో ఇచ్చిన 16 కిలోమీటర్ల లాంగ్ రన్ ఇంకా కాకపోతే ముందు దాని పని చూడండి. ఈ పాఠం ఎక్కడికీ పోదు. అది అయిపోయినవాళ్లకు 21.1 కిలోమీటర్లు పూర్తి చేసే సత్తా దాదాపుగా వచ్చేసినట్టే. ఇక నేర్చుకోవాల్సింది ఆ సత్తాను దారి పొడవునా సర్దుకోవడం. ఆ పనిలో మీకు సాయపడే మనిషి పేసర్.

చేతిలో జెండా, దాని మీద 2:15, 2:30, 2:45 అంటూ పెద్ద అంకెలు. రేసులో పేసర్లను చూసే ఉంటారు. వాళ్ల వెనక గుంపుగా పోయేవాళ్లందరినీ కలిపి మన రన్నర్లు 'బస్సు' అంటారు. జెండా మీద ఉన్న టైమ్ కంటే ఓ అర నిమిషమో నిమిషమో ముందు బస్సును ఫినిష్ లైన్ దాటించడం పేసర్ బాధ్యత. అందుకే తమ సొంత వేగం కంటే బాగా నెమ్మదిగా ఉండే టైమ్‌నే వాళ్లు తీసుకుంటారు. మీకు మాట పెగలని చోట వాళ్లు జోకులు వేస్తుంటారు. మీ ఫిట్‌నెస్ మీద అనుమానం పెట్టుకోకండి, వాళ్లకు అది తీరికగా చేసే పరుగు.

చివర్లో ఒంట్లో ఓపిక అయిపోయినప్పుడు లాక్కెళ్లడానికి పేసర్ ఉంటారని కొత్తవాళ్లు అనుకుంటారు. నన్నడిగితే పేసర్ అసలు ఉపయోగం మొదటి ఐదు కిలోమీటర్లలోనే ఉంది. స్టార్ట్ దగ్గర మైకులో పాటలు, చుట్టూ వేల మంది, తెల్లవారకముందే చల్లగాలి, వారంగా విశ్రాంతి తీసుకున్న కాళ్లు. కిలోమీటరుకు ఏడు నిమిషాలు తీసుకోవాల్సినవాళ్లు ఆరు నిమిషాలకే లాగించేస్తారు, ఒంటికి తెలియను కూడా తెలియదు. 15 దాటాక ఆ అప్పు వడ్డీతో సహా కట్టాలి. జెండాను దాటకూడదని ఒక్క నియమం పెట్టుకుంటే ఆ అప్పే ఉండదు.

ఏ బస్సు ఎక్కాలి?

అమెరికన్ ఇంజనీర్ పీటర్ రీగెల్ ఇచ్చిన సూత్రం ఒకటుంది. ఒక దూరానికి పట్టిన టైమ్‌ని బట్టి ఇంకో దూరానికి ఎంత పడుతుందో అంచనా వేసుకోవచ్చు. దాని ప్రకారం మీ 10 కిలోమీటర్ల టైమ్‌ని సుమారు 2.2తో గుణిస్తే హాఫ్ టైమ్ వస్తుంది. 65 నిమిషాల్లో 10కె చేసేవాళ్లకు 2 గంటల 23 నిమిషాలు. 70 నిమిషాలవాళ్లకు 2 గంటల 34.

ఇక్కడ కాస్త ఆగండి. ఆ లెక్క రెండు దూరాలకూ సరిపడా సాధన ఉన్నవాళ్లకు. తొలిసారి 21 పరిగెత్తేవాళ్లకు అది ఆశావాదం. వచ్చిన టైమ్‌కి ఐదు నుంచి పది నిమిషాలు కలిపి, దానికి దగ్గరలో ఉన్న నెమ్మది బస్సు ఎంచుకోండి. 65 నిమిషాలవాళ్లు 2:30, 70 నిమిషాలవాళ్లు 2:45. 60 నిమిషాలవాళ్లకు లెక్కలో 2:12 వస్తుంది కాబట్టి 2:15 బస్సు ఊరిస్తుంది. ఎక్కకండి. మీ స్నేహితుడు ఏ బస్సులో పోతున్నాడనే దానితో మీకు పనిలేదు. ఇంకా ఏమైనా సందేహం ఉంటే లాంగ్ రన్‌ని గుర్తుచేసుకోండి. ఆ వేగంలో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగారా, లేక ముక్కలు ముక్కలుగానా? ముక్కలుగా అయితే ఇంకో బస్సు వెనక్కి జరగండి.

వాచ్‌కీ జెండాకీ తేడా

2:30కి పూర్తి చేయాలంటే కాగితం మీద కిలోమీటరుకు 7 నిమిషాల 7 సెకన్లు. 2:15కి 6:24, 2:45కి 7:49, 3 గంటలకు 8:32. అయినా 2:30 పేసర్ పక్కన పరిగెడుతూ మీ వాచ్ చూస్తే 7:02, 7:03 కనిపిస్తుంది. "ఈయన ఫాస్ట్‌గా తీసుకెళ్తున్నాడు" అని కొత్తవాళ్లు గొణుక్కునేది ఇక్కడే.

కారణం ఇది. అధికారికంగా కొలిచే రేసుల్లో దారి పొడవు చూసేది మనిషి పరిగెత్తగలిగిన అతి దగ్గరి గీత వెంట, మలుపుల్లో అంచును ఆనుకుని. పైగా దారి పొట్టి కాకుండా కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున కలుపుతారు. మీరు మాత్రం గుంపును తప్పించుకుంటూ, నీళ్ల బల్ల కోసం పక్కకు పోతూ, మలుపుల్లో వెడల్పుగా తిరుగుతూ పరిగెడతారు. ఎత్తయిన భవనాల మధ్య, ఫ్లైఓవర్ల కింద జీపీఎస్ చేసే గారడీ సరేసరి. రేసు అయ్యేసరికి వాచ్‌లో 21.3 ఉండటం మామూలే. వాచ్‌లో పక్కాగా 7:07 పెట్టుకుని ఆ దూరం పరిగెత్తితే ఫినిష్‌లో 2:31 దాటిపోతుంది. పేసర్‌కి ఈ సంగతి తెలుసు. అందుకని దారి పక్కన ఉండే కిలోమీటరు బోర్డులను నమ్మండి. వాచ్ తనే ప్రతి కిలోమీటరుకూ టైమ్ నమోదు చేసే ఆటో ల్యాప్ తీసేసి, బోర్డు దాటినప్పుడల్లా మీరే బటన్ నొక్కండి. 2:30 బస్సు అయితే 5వ బోర్డు దగ్గర 35:33, 10 దగ్గర 1:11:06, 15 దగ్గర 1:46:39, 20 దగ్గర 2:22:12. ఈ నాలుగూ బాల్‌పెన్నుతో ముంజేతి మీద రాసుకోండి. అటూ ఇటూ అర నిమిషం తేడా ఉన్నా పట్టించుకోకండి.

ఇంకో చిక్కు గన్ టైమ్, చిప్ టైమ్‌తో వస్తుంది. రేసు ప్రారంభానికి జెండా ఊపిన క్షణం నుంచి లెక్కేసేది గన్ టైమ్. మీ దగ్గరుండే చిన్న ఎలక్ట్రానిక్ చిప్‌తో, మీరు స్టార్ట్‌లో పరిచిన మ్యాట్ తొక్కినప్పటి నుంచి లెక్కేసేది చిప్ టైమ్, మీ సర్టిఫికెట్‌కి కావలసింది అదే. పేసర్ ఏది పాటిస్తున్నారో ముందే అడగండి. చిప్ టైమే అయితే ఒక వెసులుబాటు ఉంది. గుంపులో ఇరుక్కుని మీరు పేసర్ కంటే నిమిషం ఆలస్యంగా మ్యాట్ తొక్కారనుకోండి. ఆ నిమిషం మీ ఖాతాలో ఎవరూ రాయరు. రేసంతా జెండాకు నిమిషం వెనకాలే ఉన్నా మీ టైమ్, పేసర్ టైమ్ ఒకటే. అయినా మనసు ఊరుకోదు, జెండా కనపడగానే పరిగెత్తి అందుకోవాలనిపిస్తుంది. మొదటి కిలోమీటరులోనే నిమిషం పూడ్చడానికి పోతే ఆ రోజుకి రేసు అయిపోయినట్టే. కలవాలనే ఉంటే కిలోమీటరుకు పది సెకన్ల చొప్పున తగ్గించుకుంటూ ఆరో కిలోమీటరుకు కలవండి.

గుంపులో ఎక్కడ ఉండాలి?

పేసర్ మడమల మీద కాదు. జెండాకు రెండు మూడు వరసల వెనక, ఏదో ఒక పక్కగా ఉండండి. ముందున్న మనిషి నడుము నుంచి మీకు కనీసం చాచిన చేయంత దూరం కావాలి. చీకట్లో మొదలయ్యే రేసుల్లో ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే గుంపులో కింద రోడ్డు కనపడదు. మన రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్లు, మధ్య గీత వెంట మెరిసే క్యాట్ ఐలు పాదాన్ని ఇట్టే మడతేస్తాయి. మంచి బస్సులో ముందువాళ్లు "బ్రేకర్!", "క్యాట్ ఐ!" అని కేక వేస్తారు, వెనకవాళ్లు అందుకుని ఇంకా వెనక్కి పంపుతారు. మీకు వినపడితే మీరూ అరవండి, మొహమాటపడకండి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఇవేవీ వినపడవు. బస్సులో ఉన్నంతసేపూ వాటిని జేబులో ఉంచడమే మేలు.

బస్సు చెదిరిపోయేది నీళ్ల బల్లల దగ్గర. మొదటి బల్ల దగ్గరే అందరూ ఎగబడతారు, ఒకరి కాళ్లకు ఒకరు అడ్డం పడతారు. మీరు మొదటి బల్ల వదిలేసి చివరి బల్ల దాకా వెళ్లండి. అక్కడ కప్పు అందించే పిల్లల కళ్లలోకి చూసి చేయి చాపండి, మీకే ఇస్తారు. కప్పు అంచును వేళ్లతో నొక్కి ముక్కులా చేసుకుంటే నీళ్లు మూతి మీదా ముక్కులోనూ పోవు. రెండు మూడు గుక్కలు తాగేంతసేపు నడవండి. ఖాళీ కప్పు పక్కకు వేసేముందు వెనక ఎవరున్నారో చూడండి. ఇంతలో జెండా ఓ ఇరవై ముప్పై మీటర్లు ముందుకు పోతుంది. దాన్ని ఒక్క ఉరుకులో కాక తర్వాతి రెండు మూడు వందల మీటర్లలో మెల్లగా కలుపుకోండి. ప్రతి స్టాప్ దగ్గరా స్ప్రింట్ కొడితే ఎనిమిదో తొమ్మిదో స్ప్రింట్లు అవుతాయి, తొడలు ఊరుకోవు.

దాహం లేకున్నా ప్రతి బల్ల దగ్గరా కప్పులకు కప్పులు దించేయకండి. మోతాదుకు మించి తాగితే రక్తంలో సోడియం పలచబడి మనిషి కుప్పకూలే ప్రమాదం ఉంది, నెమ్మదిగా పరిగెత్తేవాళ్లలోనే ఇది ఎక్కువ.

ఎత్తు వచ్చినప్పుడు

హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది. ఈ మధ్య ఏళ్లలో హాఫ్ నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తోంది. ఆ రూట్‌కి పేరు తెచ్చింది దాని ఎత్తుపల్లాలు, పైగా ఫ్లైఓవర్లు. విశాఖ బీచ్ రోడ్డు మొదట్లో చదునుగా ఉండి మురిపించినా, రుషికొండ వైపు పోతే కైలాసగిరి కింద ఎత్తు తగులుతుంది. ఇలాంటి చోట్ల అనుభవమున్న పేసర్ కిలోమీటరుకు ఇంత అని గీత గీసినట్టు పోరు. ఎక్కేటప్పుడు 20, 30 సెకన్లు వదిలేసి, దిగేటప్పుడు కొంత తిరిగి తెచ్చుకుంటారు. ఫ్లైఓవర్ ఎక్కుతున్నప్పుడు వాచ్‌లో 7:35 కనపడితే కంగారుపడకండి.

ఎక్కేటప్పుడు అడుగు చిన్నది చేయండి, చూపు పదిహేను అడుగుల ముందు రోడ్డు మీద ఉంచండి, మాట ఆపేయండి. జెండా పది మీటర్లు దూరమైతే కానివ్వండి. దిగేటప్పుడు మీరేమీ చేయక్కర్లేదు, వాలే దగ్గర చేస్తుంది. మడమతో బ్రేకులు వేయకండి, మోకాళ్ల నొప్పి పుట్టేది అక్కడే.

రన్-వాక్ బస్సులు

2:45, 3:00 బస్సుల్లో కొన్ని కాసేపు పరుగు, కాసేపు నడక పద్ధతిలో పోతాయి. 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన జెఫ్ గాలోవే ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. తొలిసారి పరిగెత్తేవాళ్లకు చాలా మంచిదే, కాకపోతే లెక్క తెలిసి ఎక్కాలి. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక అనుకోండి. చురుగ్గా నడిచినా ఆ నిమిషం కిలోమీటరుకు 11 నిమిషాల వేగంలో పోతుంది. సగటు 7:49 రావాలంటే పరిగెత్తే నాలుగు నిమిషాలూ 7:18 వేగంలో ఉండాలి. 7:50లో ఆగకుండా పోవడం అలవాటైనవాళ్లకు ఆ నాలుగు నిమిషాలూ తరుముతున్నట్టు ఉంటుంది. ఇక ఇందులోనే సాధన చేసినవాళ్లు ఆగకుండా పోయే బస్సు ఎక్కితే నడక కోసం కాళ్లు ఎదురుచూస్తాయి. అందుకే రేసుకి ముందు జరిగే ఎక్స్‌పోలో బిబ్ (ఛాతీకి తగిలించుకునే నంబరు కాగితం) తీసుకునేటప్పుడు పేసర్ల బూత్ దగ్గరకు వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి: ఆగకుండానా, రన్-వాకా? గన్ టైమా, చిప్ టైమా? నీళ్ల దగ్గర నడుస్తారా?

ఎక్కడ దిగాలి?

ఒంట్లో బాగుందని పదో కిలోమీటరులో జెండా దాటిపోయేవాళ్లు ప్రతి రేసులోనూ ఉంటారు. వాళ్లలో సగం మందిని మళ్లీ 17 దగ్గర పలకరిస్తారు. నా నియమం 16. ఆ బోర్డు దాకా ఎంత హుషారుగా ఉన్నా బస్సులోనే ఉండండి. అక్కడ ఒక పూర్తి వాక్యం పైకి అనండి, పక్కవాళ్ల ఊరు అడిగినా చాలు. ఆగకుండా అడగగలిగితే 18 దగ్గర పేసర్‌కి చెప్పి ముందుకు పోవచ్చు. కిలోమీటరుకు పది సెకన్లు పెంచితే చాలు.

అటువైపు, జెండా అందకుండా పోతుంటే? డొక్కలో పట్టేసినా పిక్కలు బిగిసినా ఓ కిలోమీటరు పాటు తగ్గించి చూడండి. తగ్గాక కూడా దూరం పెరుగుతుంటే ఆ బస్సును వదిలేయండి. వెనక ఇంకో జెండా వస్తోంది. అది మిమ్మల్ని దాటే లోపు మీ వేగంలో మీరు పోతూ, వచ్చాక దాంట్లో కలవండి. 2:30 కోసం వచ్చి 2:41కి పూర్తి చేసినా మెడల్ అదే. తల తిరగడం, ఎండలో చలి వేయడం, ఛాతీలో నొప్పి మాత్రం వేరే సంగతి. వాటితో ఒక్క అడుగు కూడా ముందుకు వేయకండి. అక్కడే ఆగి వాలంటీర్‌ని పిలవండి.

ఈ వారం సాధన

మంగళవారం 400 మీటర్ల ట్రాక్ ఉన్న గ్రౌండ్‌కి వెళ్లండి. 2:30 వేగంలో ఒక రౌండుకు 2 నిమిషాల 51 సెకన్లు పడుతుంది. 2:15కి 2:34, 2:45కి 3:08, 3 గంటలకు 3:25. ముందు నాలుగు రౌండ్లు వాచ్ చూస్తూ పరిగెత్తండి. తర్వాత వాచ్ మీదకు స్లీవ్ లాగేసి ఎనిమిది రౌండ్లు తిరగండి. ప్రతి రౌండు చివరా ఎంత పట్టిందో ముందు మీరే చెప్పి, ఆ తర్వాత చూడండి. మొదట్లో పది పదిహేను సెకన్లు తేడా వస్తుంది. ఐదు సెకన్ల లోపుకి వస్తే పాస్.

ఆదివారం 14 కిలోమీటర్లు, ఒంటరిగా వద్దు. ఇద్దరు ముగ్గురిని కూడగట్టి ఒకరికి వాచ్ ఇచ్చి పేసర్‌ని చేయండి, మిగతావాళ్లు వాచీలు ఇంట్లో పెట్టి రండి. దారిలో రెండు చోట్ల ఎవరి చేతైనా కప్పులతో నీళ్లు ఇప్పించుకుని, చెదిరిపోయి మళ్లీ కలవడం ప్రాక్టీస్ చేయండి. తోడు దొరకనివాళ్లు ఊళ్లో రన్నింగ్ గ్రూపు ఏదైనా ఉంటే వాళ్ల ఆదివారం పరుగులో కలవండి. కొత్తవాళ్లను ఎవరూ వద్దనరు.

7వ పాఠం రేసుకి ముందు పది రోజుల గురించి: దూరం ఎలా తగ్గించాలి, ఏం తినాలి, ఆ రాత్రి నిద్ర పట్టకపోతే ఏం చేయాలి. ఈ ఆదివారం పరుగు స్ప్లిట్లు, అంటే ఒక్కో కిలోమీటరుకూ పట్టిన టైమ్‌లు, రాసి ఉంచండి, ఆ పాఠంలో వాటితో పని పడుతుంది.