ఆల్పైన్‌లో జీమెయిల్ పెట్టుకోవడం, వచ్చిన మెయిల్‌ని ఫోల్డర్లకు తోలడం

నేను చిత్తూరు పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాను. జూన్ వచ్చిందంటే బెంగళూర కాయ ట్రాక్టర్లు గేటు బయట రోడ్డు పొడుగునా నిలబడతాయి, లోపల నా ఇన్‌బాక్స్ కూడా అలాగే నిలబడుతుంది. కొనేవాళ్లు ల్యాబ్ రిపోర్టు అడుగుతారు, చెన్నై పోర్టు నుంచి కంటెయినర్ నంబర్లు వస్తాయి, బ్యాంకు, జీఎస్టీ, కరెంటు బిల్లు, మధ్యలో ఎవడో లోన్ ఇస్తానంటాడు. 2025 సీజన్‌లో కిలో కాయకి రైతుకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇస్తాయన్నప్పుడైతే రైతుల జాబితాల మెయిళ్లతోనే తెర నిండిపోయింది.

ఆఫీసు కంప్యూటర్ పాతది. బ్రౌజర్‌లో మెయిల్ తెరిస్తే టీ తాగి రావచ్చు. అందుకే ఆల్పైన్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌కి మారాను, అది టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే తెరలో నడుస్తుంది. నల్ల తెర, తెల్ల అక్షరాలు, మౌసుతో పని లేదు, ప్రకటనలు లేవు. మొదటిరోజు ట్రాక్టర్లు తూచే వేబ్రిడ్జి కుర్రాడు చూసి "ఏంనా, హ్యాకింగ్ ఏమన్నా చేస్తా ఉండావా?" అన్నాడు. ఇప్పుడు వాడి ల్యాప్‌టాప్‌లోనూ ఇదే ఉంది.

ఇలాంటిదే మట్ అనే మెయిల్ ప్రోగ్రామ్ కూడా ఉంది, చాలామంది గట్టివాళ్లు అదే వాడతారు. కానీ దాన్ని ఫైల్‌లో వరసలు రాసి సెట్ చేసుకోవాలి, ఒక కొటేషన్ మార్కు తప్పితే ఎందుకు పనిచేయడంలేదో అర్థం కాక కూర్చోవాలి. ఆల్పైన్‌లో అన్నీ మెనూలే, ఏ కీ ఏం చేస్తుందో ఎప్పుడూ తెర అడుగున రాసే ఉంటుంది. 1989లో సియాటెల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పైన్ అని మొదలైంది. దాన్నే యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలూ రాసే పద్ధతి) అర్థమయ్యేలా తిరగరాసి 2007లో ఆల్పైన్‌గా వదిలారు. లైనక్స్‌లో నానో ఎడిటర్ వాడినవాళ్లకు మెయిల్ రాసే తెర చూడగానే తెలిసినట్టే ఉంటుంది, ఎందుకంటే నానో పుట్టిందే పైన్‌లోని పైకో అనే ఎడిటర్‌ని చూసి.

ఇక పని. కమాండ్లూ సర్వర్ పేర్లూ ఫోన్లో చెప్పినట్టు చెబుతున్నాను, మీరు టైప్ చేసేది మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా.

ఆల్పైన్ తెరవకముందే జీమెయిల్ వైపు ఒక పని ఉంది. మామూలు పాస్‌వర్డ్ ఇక్కడ పనిచేయదు, 2022 మే నెలాఖరు నుంచి గూగుల్ దాన్ని ఆపేసింది. గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ దగ్గరికెళ్లి టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, ఆ తర్వాత యాప్ పాస్‌వర్డ్ అని వెతికి ఒకటి పుట్టించుకోండి. 16 అక్షరాలు ఇస్తుంది. ఒక్కసారే చూపిస్తుంది, కాబట్టి రాసుకోండి, కానీ మానిటర్ మీద చీటీ అతికించకండి (మా ఆఫీసులో ఆ పని చేసినవాళ్లు ఉన్నారు).

ఉబుంటు, డెబియన్ అయితే టెర్మినల్‌లో సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఆల్పైన్ అని కొడితే వచ్చేస్తుంది, ఈ ఒక్క కమాండ్‌లో మాత్రం మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదలాలి. విండోస్‌కి పీసీ-ఆల్పైన్ అని విడిగా ఉంది. తెరవగానే ఒక స్వాగతం తెర వస్తుంది, దాన్ని దాటితే మెయిన్ మెనూ. అక్కడ ఎస్ నొక్కితే సెటప్, అందులో సీ నొక్కితే కాన్ఫిగ్. పొడుగాటి జాబితా వస్తుంది, భయపడకండి, మనకు కావలసినవి చాలావరకు పైనే ఉంటాయి. మార్చాలనుకున్న వరస మీద నిలబడి సీ నొక్కి టైప్ చేసి ఎంటర్ కొట్టడమే.

పర్సనల్ నేమ్ దగ్గర మీ పేరు. ఎస్‌ఎంటీపీ సర్వర్ (మెయిల్ పంపేది) దగ్గర ఎస్‌ఎంటీపీ డాట్ జీమెయిల్ డాట్ కామ్, కోలన్, 587, స్లాష్ టీఎల్‌ఎస్, స్లాష్ యూజర్ ఈక్వల్ టు, దాని పక్కనే మీ పూర్తి మెయిల్ ఐడీ. ఇన్‌బాక్స్ పాత్ (వచ్చిన మెయిల్ ఉండే చోటు) దగ్గర సీ నొక్కితే ముందు సర్వర్ పేరు అడుగుతుంది: ఐమ్యాప్ డాట్ జీమెయిల్ డాట్ కామ్, స్లాష్ ఎస్‌ఎస్‌ఎల్, స్లాష్ యూజర్ ఈక్వల్ టు, మళ్లీ మీ ఐడీ. తర్వాత ఏ ఫోల్డర్ అని అడుగుతుంది, అక్కడ ఊరికే ఎంటర్ కొట్టండి.

ఇంకో రెండు మర్చిపోవద్దు. డిఫాల్ట్ ఎఫ్‌సీసీ అనే చోట రెండు డబుల్ కోట్‌లు మాత్రం పెట్టండి, లోపల ఏమీ వద్దు. మనం పంపిన మెయిల్ కాపీని జీమెయిల్ తనంతట తనే పెట్టుకుంటుంది, ఆల్పైన్ కూడా ఇంకోటి పెడితే అన్నీ రెండేసి అవుతాయి. రెండోది కస్టమైజ్డ్ హెడర్స్. అక్కడ ఫ్రమ్, కోలన్, మీ పేరు, బాణం బ్రాకెట్లలో మీ ఐడీ. ఇది పెట్టకపోతే ఆల్పైన్ మీ కంప్యూటర్ లాగిన్ పేరును పట్టుకుని అడ్రస్ తయారు చేస్తుంది. చివర ఇంగ్లీషు ఈ అక్షరం నొక్కి బయటికి వస్తే మార్పులు దాచమంటావా అంటుంది, వై కొట్టండి. మళ్లీ తెరిచినప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది, ఆ 16 అక్షరాలూ ఇక్కడే. సర్వర్ పేరులో స్లాష్ బదులు డాట్ పడితే కూడా లోపలికి పోనివ్వదు, నాకు పాస్‌వర్డే తప్పేమోనని మూడుసార్లు కొత్తది చేసుకున్నాక తెలిసింది.

ఇప్పుడు మెయిల్ కనబడుతుంది కానీ జీమెయిల్ ఫోల్డర్లు కనబడవు, ఎందుకంటే ఆల్పైన్ మామూలుగా మీ కంప్యూటర్లో ఉన్న ఫోల్డర్లనే చూస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మెయిన్ మెనూలో ఎస్, తర్వాత ఎల్ నొక్కితే కలెక్షన్ లిస్ట్స్ (ఫోల్డర్ల గుంపుల జాబితా) వస్తుంది, అక్కడ ఇంగ్లీషు ఏ అక్షరం నొక్కి కొత్తది చేర్చండి. పేరు మీ ఇష్టం. సర్వర్ అంటే ఇందాక ఇన్‌బాక్స్‌కి ఇచ్చినదే మొత్తంగా. పాత్ ఖాళీగా వదిలేసి కంట్రోల్-ఎక్స్. ఆ తర్వాత డాలర్ కీతో దాన్ని జాబితాలో పైకి తెచ్చుకోండి, ఎందుకంటే మెయిల్‌ని దాచమన్నప్పుడు మొదటి కలెక్షన్‌లోనే దాస్తుంది.

ఇక ఫోల్డర్లు. నేను మొదట చేసిన తప్పు ఏమిటంటే పంపేవాళ్ల పేరుమీద ఒక్కో ఫోల్డర్ పెట్టడం. ముప్పై దాటాయి. ఏ ఫోల్డర్లో ఏముందో వెతకడానికే పొద్దు పోయేది. మండీలో కాయ వచ్చినప్పుడు ఏ తోటదని కాదు కదా గ్రేడు చేసేది, ఇది ఎక్కడికి పోవాలని చూస్తారు, పండుగా అమ్మేదా గుజ్జుకు పోయేదా పారబోసేదా అని. మెయిల్ కూడా అంతే, ఎవరు పంపారని కాకుండా దాంతో ఏం చేయాలని చూడాలి. ఇప్పుడు నాకు ఉన్నవి నాలుగే. లోడు అంటే కంటెయినర్, డ్రమ్ము లెక్కలు, ల్యాబ్ రిపోర్టులు. డబ్బు అంటే బ్యాంకు, బిల్లులు. సర్కారు అంటే జీఎస్టీ, కరెంటు, పరిశ్రమల శాఖ. ఊరికే అంటే ప్రకటనలూ పత్రికలూ. మనుషులు రాసిన మెయిల్ ఏదీ ఫోల్డర్‌కి పోదు, ఇన్‌బాక్స్‌లోనే ఉంటుంది, జవాబు ఇచ్చాకే కదులుతుంది. పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా పెట్టుకోండి, రోజుకు యాభైసార్లు టైప్ చేయాలి.

ఫోల్డర్ పెట్టడానికి మెయిన్ మెనూలో ఎల్, కలెక్షన్‌లోకి వెళ్లి ఏ. ఇవే జీమెయిల్‌లో లేబుళ్లుగా కనబడతాయి.

ఒక మెయిల్‌ని చేత్తో తోలాలంటే దాని మీద నిలబడి ఎస్ నొక్కి, ఫోల్డర్ పేరు కొట్టి ఎంటర్. పేరు గుర్తులేకపోతే కంట్రోల్-టీ నొక్కితే జాబితా వస్తుంది. ఇన్‌బాక్స్‌లో దాని పక్కన డీ అని గుర్తు పడుతుంది, ఎక్స్ నొక్కితే పోతుంది. పోతుందంటే ఇన్‌బాక్స్ నుంచి మాత్రమే. జీమెయిల్ సెట్టింగు ఏమీ మార్చకపోతే ఆల్ మెయిల్‌లో ఉండనే ఉంటుంది. నిజంగా చెరిపేయాలంటే బిన్ అనో ట్రాష్ అనో ఉండే ఫోల్డర్‌కి తోలాలి, ఏ పేరు అనేది మీ ఖాతా భాషను బట్టి.

ఒకేసారి రెండొందలు తోలాలంటే సెమీకోలన్ కీ. అది నొక్కి టీ, తర్వాత పంపినవారిని బట్టి అయితే ఎఫ్, సబ్జెక్టును బట్టి అయితే ఎస్, ఆపై మాట కొడితే ఆ మాటున్నవన్నీ ఎంపికవుతాయి. అప్పుడు ఏ నొక్కి, ఎస్ నొక్కి, ఫోల్డర్ పేరు. సెమీకోలన్ నొక్కితే పలకకపోతే కాన్ఫిగ్‌లో ఎనేబుల్ అగ్రిగేట్ కమాండ్ సెట్ అనేదానికి టిక్ ఉందో లేదో చూడండి, ఆ పొడుగు జాబితాలో డబ్ల్యూ కీతో వెతకొచ్చు. నాకు ఆల్పైన్ మీద ప్రేమ పుట్టింది ఈ సెమీకోలన్ దగ్గరే. బ్రౌజర్‌లో అరగంట పట్టే పని ఆరు కీలల్లో అయిపోయింది.

తనంతట తనే పోవాలంటే ఫిల్టర్. సెటప్‌లో ఆర్, తర్వాత ఎఫ్, తర్వాత ఏ. పెద్ద ఫారం వస్తుంది, మీకు కావలసినవి నాలుగే. నిక్‌నేమ్ దగ్గర ఫిల్టర్‌కి పేరు. ఫ్రమ్ ప్యాటర్న్ దగ్గర పంపేవాళ్ల అడ్రస్, మొత్తం అక్కర్లేదు, ఎట్ గుర్తు తర్వాత ఉండే భాగం చాలు, ఇద్దరు ముగ్గురు ఉంటే కామాతో వరసగా, అప్పుడు వాళ్లలో ఎవరైనా సరే పట్టుకుంటుంది. సబ్జెక్ట్ ప్యాటర్న్ కావాలంటే నింపండి, కానీ ఫ్రమ్, సబ్జెక్ట్ రెండూ నింపితే రెండూ కలిసినప్పుడే పట్టుకుంటుందని గుర్తుంచుకోండి. కిందికి వెళ్తే ఫిల్టర్ యాక్షన్ అని ఉంటుంది, అక్కడ మూవ్ ఎంచుకుని ఫోల్డర్ పేరు ఇవ్వండి. డిలీట్ కూడా ఉంది, మొదటి నెల దాని జోలికి పోకండి. ముందు ఊరికే ఫోల్డర్‌కి తోలి చూసుకోండి, నెలంతా తప్పు పట్టుకోలేదని తేలాక అప్పుడు.

సబ్జెక్టు మాటతో ఫిల్టర్ పెట్టడం గురించి నా అనుభవం చెప్పాలి. ఇన్వాయిస్ అనే మాట ఉంటే డబ్బు ఫోల్డర్‌కి పొమ్మన్నాను, తెలివిగా చేశాననే అనుకున్నాను. ఒక కొనుగోలుదారు ఇన్వాయిస్‌లో డ్రమ్ముల లెక్క తప్పుంది, సరిచేసి పంపితేగానీ లోడు కదలదు అని అదే సబ్జెక్టుతో జవాబు రాశాడు. ఒక కంటెయినర్‌కి 80 డ్రమ్ములు, డ్రమ్ముకు 215 కిలోలు, అంత సరుకు నా ఫిల్టర్ పుణ్యాన రెండు రోజులు ఆగింది. మేనేజర్ నన్నేమీ అనలేదు, అదే ఎక్కువ టెన్షన్. అప్పట్నుంచి యంత్రాలు పంపే అడ్రస్‌లకే ఫిల్టర్ పెడతాను, నో-రిప్లై అనే రకం. మనిషి పంపే అడ్రస్‌కి పెట్టను.

ఫిల్టర్లకు వరస ముఖ్యం. పైనుంచి కిందికి చూసుకుంటూ పోతుంది, ఒకటి పట్టుకుందంటే మిగతావి చూడదు. కాబట్టి ఇరుకైనవి పైన, వెడల్పైనవి కింద. మా బ్యాంకు నుంచి ఖాతా మెయిల్, క్రెడిట్ కార్డు తీసుకోమనే మెయిల్ రెండూ ఒకే డొమైన్ (ఎట్ గుర్తు తర్వాతి భాగం) నుంచి వస్తాయి, ప్రకటనది పైన పెట్టకపోతే అదీ డబ్బులోకే చేరుతుంది. వరస మార్చడానికి ఇక్కడా డాలర్ కీయే. అదే ఫారంలో ఏజ్ ఇంటర్వెల్ అని ఒకటి ఉంది. బ్రాకెట్లో 30, కామా, ఐఎన్‌ఎఫ్ (పై హద్దు లేదని) పెడితే 30 రోజులు దాటినవాటినే పట్టుకుంటుంది, ఊరికే ఫోల్డర్‌ని ఖాళీ చేయడానికి బాగుంటుంది. అలాంటి ఫిల్టర్‌కి ఫారం పైభాగంలో ఏ ఫోల్డర్ అని అడిగే దగ్గర ఇన్‌బాక్స్ తీసేసి ఆ ఫోల్డర్ పేరు ఇవ్వడం మరవకండి, లేకపోతే పనిచేసేది ఇన్‌బాక్స్ మీద.

ఒక లోటు ఉంది, దాచడం ఎందుకు. ఈ ఫిల్టర్లు ఆల్పైన్ తెరిచి ఉన్నప్పుడే పనిచేస్తాయి. ఆదివారం ఆఫీసు మూస్తే సోమవారం దాకా మెయిలంతా ఇన్‌బాక్స్‌లోనే, ఫోన్లో చూస్తే కుప్పలాగే కనబడుతుంది. ఫోన్లోనూ సర్దినట్టు ఉండాలంటే ఆ రెండు మూడు ముఖ్యమైన ఫిల్టర్లను జీమెయిల్ సెట్టింగుల్లోనే పెట్టుకోండి. నేను ఊరికే ఫోల్డర్‌ది అక్కడ పెట్టాను, మిగతావి ఇక్కడ.

తెలుగు మెయిళ్ల సంగతి. లోకేల్ (కంప్యూటర్ భాష సెట్టింగు) యూటీఎఫ్-8 అయి ఉంటే అక్షరాలు వస్తాయి, చౌకాలు కనబడవు. కానీ టెర్మినల్ అంటే గళ్ల నోటుబుక్కు లాంటిది, గడికో అక్షరం అనుకుంటుంది, మన వత్తులూ గుణింతాలూ అందులో ఇమడవు. కొన్ని టెర్మినళ్లలో స్త్రీ అనే మాట మూడు ముక్కలైపోతుంది. రెండు మూడు టెర్మినళ్లు మార్చి చూసి మీకు నయమనిపించింది ఉంచుకోండి. నేను రైతుల నుంచి వచ్చే పొడుగు తెలుగు మెయిళ్లు ఫోన్లోనే చదువుతాను, చదివాక ఇక్కడికొచ్చి తోలేస్తాను.

ఇదంతా హోం ఫోల్డర్‌లో డాట్ పైన్‌ఆర్‌సీ అనే ఒక్క ఫైల్‌లో ఉంటుంది, ఫిల్టర్లతో సహా. ముందు డాట్ ఉంది కాబట్టి మామూలుగా కనబడదు. అన్నీ కుదిరాక దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. వేబ్రిడ్జి కుర్రాడికి నేను చేసింది అంతే, ఆ ఫైల్ ఇచ్చి ఐడీ ఉన్న నాలుగు చోట్లా మార్చుకోమన్నాను. మూడు చోట్ల మార్చాడు. వాడి మెయిళ్లన్నీ వారంపాటు నా పేరుతో పోయాయి.