మూలపాపాలకు విరుగుడు: విచారణలో సాధన చేసే విధానం

ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలం మొదలవగానే ఈసారి కోపం మానేయాలని సంకల్పించుకునేవారు ప్రతి విచారణలోనూ, అంటే ఒక ఫాదర్ చూసుకునే ప్రతి కతోలిక సంఘంలోనూ, ఉంటారు. ఆ సంకల్పం చాలామందిలో ఈస్టరుకు ముందు ఆదివారమైన మ్రానికొమ్మల ఆదివారం దాకా కూడా నిలవదు. దుర్గుణాన్ని మానడంతోనే సరిపెట్టుకొని, దానికి ఎదురుగా నిలిచే సుగుణాన్ని అభ్యసించకపోవడమే ఇందుకు కారణం. గర్వం, లోభం, అసూయ, కోపం, మోహం (కామవాంఛ), తిండిపోతుతనం, సోమరితనం అని కతోలికుల బోధనా గ్రంథమైన శ్రీసభ సత్యోపదేశం 1866వ సంఖ్యలో పేర్కొన్న ఏడు మూలపాపాలలో ఒక్కదానినే ఎంచుకొని, అది విచారణలో ఏ సందర్భంలో తలెత్తుతుందో ముందుగా గుర్తించాలి.

గర్వానికి పండుగ రోజులు అనువైన సమయం. కడప ప్రాంతంలో ఆరోగ్యమాత గుడి ఉన్న ఊరిని తీసుకుంటే, సెప్టెంబరు 8 ఉత్సవానికి ముందు ఫ్లెక్సీ మీద దాతల పేర్లు ఏ వరుసలో రావాలి, తేరు ముందుకొమ్ము ఎవరు పట్టాలి అన్న మాటల దగ్గరే మనసులు విరుగుతాయి. ఇచ్చే మొత్తం తగ్గించకుండా పేరు రాయవద్దని సంఘపెద్దకు చెప్పడం, ఉత్సవం ముగిశాక కుర్చీలు సర్దే పనికి నిలబడటం ఇక్కడ తగిన వినయం. "నాకేం చేతనవుతుంది ఫాదర్" అంటూ పూజలో బైబిలు పఠనం చదవడానికి వెనుకాడటం వినయం కాదు. బతిమాలించుకోవాలన్న కోరిక కూడా అందులో దాగి ఉండవచ్చు.

గాయక బృందంలో అసూయ మరింత సున్నితంగా పనిచేస్తుంది. కొత్తగా వచ్చిన అమ్మాయికి కీర్తన పల్లవి అప్పగించిన ఆదివారం, ఆమె పాటలో నిజంగా బాగున్న ఒక్క విషయాన్ని, ఆమె లేనిచోట మూడో మనిషితో సాయంత్రంలోగా చెప్పాలి. ముఖం మీద పొగిడితే అది ముఖస్తుతిగా మారే ప్రమాదముంది.

కోపానికి విరుగుడు ఓర్పే అయినా, విచారణ సంఘ సమావేశంలో లెక్కలు అడగకుండా ఊరుకోవడాన్ని ఓర్పు అనకూడదు. ప్రశ్నను కాగితం మీద రాసుకొని ఒకేసారి అడిగి, జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకుండా వినాలి. మోహం విషయాన్ని మాత్రం బృందంలో చర్చించకుండా పాపసంకీర్తన వినే గురువుకే (పాపాలు ఒప్పుకునేటప్పుడు వినే ఫాదర్‌కే) విన్నవించుకోవడం మేలు.

సాధనను నిలబెట్టుకోవడానికి యేసుసభ స్థాపకుడైన లొయోలా పునీత ఇగ్నేషియస్ నేర్పిన పద్ధతి ఉంది. ఉదయం లేవగానే ఎంచుకున్న దుర్గుణాన్ని తలచుకొని జాగ్రత్తపడాలి; మధ్యాహ్న భోజనం తరువాత, రాత్రి భోజనం తరువాత గంటగంటనూ నెమరువేసుకొని, తప్పిన ప్రతిసారికీ ఒక చీటీ మీద చుక్క పెట్టాలి. నిన్నటి చుక్కలను నేటివాటితో, పోయిన వారాన్ని ఈ వారంతో పోల్చి చూడాలి. పడిపోయిన క్షణంలోనే గుండెమీద చెయ్యి వేసుకొని పశ్చాత్తాపపడమని కూడా ఆయన చెప్పాడు. నలుగురిలో ఉన్నా ఎవరికీ తెలియకుండా చేయగలిగిన పని అది.

విచారణకు దూరంగా ఉండి, ఫాదర్ ఎప్పుడో ఒకసారి వచ్చే ఉపవిచారణ ఊళ్ళలో ఈ చీటీ మరీ ఉపయోగపడుతుంది, ఎందుకంటే పాపసంకీర్తనంలో "కోపపడ్డాను" అని పైపైన చెప్పకుండా ఎవరిమీద, ఏ సందర్భంలో, ఎన్నిసార్లు అన్నది చెప్పగలుగుతారు. చీటీలో ఇతరుల పేర్లు రాయకూడదు. సంకీర్తనం అయ్యాక దానిని చించివేసి, మరుసటి రోజు కొత్త కాగితంతో మొదలుపెట్టాలి.