కారుకు నీళ్ల ఇంజెక్షన్: ఎవరికి పనికొస్తుంది, ఎలా బిగించాలి

నీళ్ల ఇంజెక్షన్ అంటే ఇంజన్ పీల్చే గాలిలోకి నీటి తుంపర చల్లడం. ముందు ఒక మాట: నీళ్లు మండవు. ‘నీళ్లతో మైలేజీ’ అంటూ అమ్మే హెచ్‌హెచ్‌ఓ కిట్ (కరెంటుతో నీళ్లను హైడ్రోజన్, ఆక్సిజన్ గ్యాసులుగా విడగొట్టేది) 12 వోల్టుల మీద 20 ఆంపియర్లు, అంటే 240 వాట్లు లాగుతుంది. దాంతో వచ్చే గ్యాసులో ఉండేది మహా అయితే 200 వాట్ల వేడి. ఆ కరెంటు ఆల్టర్నేటర్ (ఇంజన్ తిప్పే జనరేటర్) నుంచి రావాలంటే ఇంజన్ కిలోవాటుకు పైగా వేడినిచ్చే పెట్రోలు కాల్చాలి. ఆ కిట్ జోలికి పోకండి.

నీళ్లకు చేతనైంది చల్లబరచడం. కిలో నీరు ఆవిరయ్యేందుకు సుమారు 2,250 కిలోజౌళ్ల వేడి లాగుతుంది. పెట్రోలు అందులో ఆరో వంతు కూడా లాగదు. మే నెలలో రామగుండం, వరంగల్ ఎండల్లో టర్బో (గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపేది) ఉన్న పెట్రోలు కారు ఎక్కువ వేడిగాలి పీలుస్తుంది, నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి తనంతట తానే మండటం) మొదలవుతుంది, దాన్ని ఆపేందుకు ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ఇగ్నిషన్‌ను, అంటే స్పార్క్ పడే క్షణాన్ని, వెనక్కి జరుపుతుంది. పికప్ పోయేది అక్కడే. నీటి తుంపర ఆ పోయినదాన్ని తిరిగిస్తుంది, అంతే. టర్బో లేని కారుకు ఈ ఖర్చు దండగ.

100 హెచ్‌పీ ఇంజన్ ఫుల్ థ్రాటిల్‌లో నిమిషానికి దాదాపు అర లీటరు పెట్రోలు తాగుతుంది. నీళ్లు అందులో 10–15 శాతం చాలు కాబట్టి నిమిషానికి 60 మిల్లీలీటర్లు చిమ్మే నాజిల్ తీసుకోండి. ఇంకా పెద్దదైతే సిలిండర్‌లో మంట ఆరి మిస్‌ఫైర్ (ఇంజన్ తడబడటం) వస్తుంది. పంపు 7–10 బార్ ఇచ్చే 12 వోల్టుల డయాఫ్రమ్‌ది కావాలి. వైపర్ నీళ్ల మోటారుతో సరిపెడదామంటే నీరు తుంపరగా కాదు, ధారగా పడుతుంది.

నాజిల్ ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) తర్వాత, థ్రాటిల్ బాడీకి (ఇంజన్‌లోకి గాలి వదిలే కవాటానికి) కనీసం 15 సెంటీమీటర్ల ముందు ఉండాలి. తుంపర సెన్సర్ మీద పడొద్దు. పైపు విప్పి బయట పెట్టే డ్రిల్ చేయండి, పొట్టు ఇంజన్‌లోకి పోతే రిపేరు ఖర్చు మామూలుగా ఉండదు. పంపుకు రిలే, 10 ఆంపియర్ల ఫ్యూజు, 0.5 బార్ బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) దగ్గర ఆన్ అయ్యే ప్రెషర్ స్విచ్ పెట్టండి.

సొలినాయిడ్ వాల్వ్ (పంపు ఆగగానే నీటిని మూసేసే కరెంటు వాల్వ్) మాత్రం మానొద్దు. అది నాజిల్‌కు ఆనుకునే ఉండాలి, ట్యాంకు నాజిల్ కన్నా కింద ఉండాలి. లేదంటే కారు ఆపాక నీరు కారి పైపులో నిలుస్తుంది. మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు సిలిండర్‌లోకి పోతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

బోరు నీళ్లు వద్దు, ఆర్‌ఓ నీళ్లూ వద్దు. రెండింటిలోని ఉప్పులు సన్నటి నాజిల్‌ను మూసేస్తాయి. బ్యాటరీ దుకాణంలో డిస్టిల్డ్ వాటర్ క్యాన్ అడగండి, లేబుల్ చదవండి, యాసిడ్ క్యాన్లూ అక్కడే ఉంటాయి. కొందరు మిథనాల్ (ఒక రకం ఆల్కహాల్) కలుపుతారు గానీ అది విషం, దాని మంట పగటిపూట కంటికి ఆనదు. ఇంట్లో కలిపే సరుకు కాదు.

బిగించే ముందు నాజిల్‌ను సీసాలోకి పెట్టి 60 సెకన్లు నడిపి నీళ్లు కొలవండి. తర్వాత ఓబీడీ స్కానర్‌తో (కారు కంప్యూటర్ లెక్కలు చూపే పరికరం) ఇగ్నిషన్ ఎంత వెనక్కి పోతోందో నీళ్లు ఉన్నప్పుడు, లేనప్పుడు పోల్చండి. ఇంజనాయిల్ పాలలా తెల్లబడితే వాడటం ఆపి నాజిల్, వాల్వ్ చూడండి. నీళ్లను నమ్ముకుని ఈసీయూ రీమ్యాప్ (పవర్ పెంచేలా సెట్టింగులు మార్చడం) చేయిస్తే, ట్యాంకు ఖాళీ కాగానే బూస్ట్ తగ్గించే లెవెల్ స్విచ్ తప్పనిసరి. అది లేకుంటే నాకింగ్‌కు పిస్టన్ పగలొచ్చు.