వానలో హిల్ క్లైంబ్: రెండు రోజుల పోటీలో ఎలా దిగాలి?

ఘాట్ రోడ్డు మీద కారు నడిపినవాళ్ళకి కొండ మలుపుల రుచి వేరే చెప్పక్కర్లేదు. తిరుమల ఘాట్‌లో నిర్ణీత సమయం కంటే ముందే చేరితే జరిమానా వేస్తారు. అది అందరూ నడిచే దారి కాబట్టి అలాగే ఉండాలి. హిల్ క్లైంబ్ పోటీలో మాత్రం దారి మూసేస్తారు. ఒక్కొక్క కారునే వదిలి, కింది గీత నుంచి పై గీతకు ఎన్ని సెకన్లలో చేరిందో వందో వంతు వరకూ లెక్కపెడతారు.

ఇంగ్లండ్‌లో ఈ ఆట బాగా వేళ్ళూనుకుంది. వూస్టర్‌షర్‌లోని షెల్‌స్లీ వాల్ష్‌లో 1905 నుంచి పోటీలు జరుగుతున్నాయి. దారి పొడవు 1000 గజాలు, అంటే 914 మీటర్లు. ఆ కాస్త దూరంలోనే 100 మీటర్ల ఎత్తు ఎక్కాలి. కొన్నిచోట్ల రోడ్డు వెడల్పు 12 అడుగులే. మేటి రేసు కార్లు 23 సెకన్లలోపే పైకి చేరతాయి. మనం రోజూ ఆఫీసుకు వేసుకెళ్ళే కారుకు 40 సెకన్లు పట్టవచ్చు.

ఆ 40 సెకన్లే ఇక్కడ అసలు సమస్య. ట్రాక్ మీద రేసైతే రెండు మూడు లాప్‌లు తిరిగి రోడ్డు ఎంత జారుతోందో తెలుసుకోవచ్చు. కొండ మీద ఆ అవకాశం లేదు. చల్లని టైర్లతో తడి రోడ్డు మీద మొదటి మలుపులోకే పూర్తి వేగంతో వెళ్ళాలి. అందుకే వాన రోజున ఏ చోట ఎంత జారుతుందో కారు ఎక్కకముందే తెలుసుకోవాలి. కింద చెప్పే పనులన్నీ దానికోసమే.

1. కాగితాలు, కారు

ఈ పని వారాల ముందే మొదలుపెట్టండి. బ్రిటన్‌లో ఈ పోటీలు అక్కడి మోటరు పోటీల పాలక సంస్థ మోటర్‌స్పోర్ట్ యూకే నిబంధనల కింద జరుగుతాయి. ఎంట్రీ పంపేముందు ఆ పోటీ రెగ్యులేషన్స్ తెరిచి, ఏ లైసెన్స్, ఏ క్లబ్ సభ్యత్వం అడుగుతున్నారో చూసుకోండి. రోడ్డు కార్లకు వేరే క్లాసులుంటాయి కాబట్టి సొంత కారుతోనే మొదలుపెట్టవచ్చు. మంటలకు తట్టుకునే ఓవరాల్స్, గ్లౌజులు, కారు పోటీలకు ఆమోదించిన హెల్మెట్ కావాలి. మోటర్‌సైకిల్ హెల్మెట్ పనికిరాదు. బ్యాటరీ ఎర్త్ వైరుకు పసుపు టేపు చుట్టాలి. కారు ముందు భాగంలో టైమింగ్ స్ట్రట్ బిగించాలి. అది సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తు, 5 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న నల్లటి పట్టీ. స్టార్ట్ గీత దగ్గర అడ్డంగా ఉండే లైట్ కిరణాన్ని మొదట తెంచేది అదే. టైమ్ లెక్క మొదలయ్యేది అక్కడే.

వీలైతే పోటీకి ముందు ఒక రోజు డ్రైవింగ్ స్కూలుకు వెళ్ళండి. గ్లాస్టర్‌షర్‌లోని ప్రెస్కాట్‌లో, యార్క్‌షర్‌లోని హేర్‌వుడ్‌లో ఆ కొండల మీదే నేర్పే స్కూళ్ళున్నాయి. ఆ రోజు వాన పడితే అదృష్టమే అనుకోండి.

2. వాన సామాను

పాడక్ అంటే కార్లు నిలిపే చోటు. చాలా కొండల దగ్గర అందులో కొంత భాగం పచ్చగడ్డే, ఒక్క జల్లుకే చిత్తడి అయిపోతుంది. కింద పరవడానికి పాత కార్పెట్ ముక్కలు, జాకీ దిగబడకుండా దాని కింద పెట్టడానికి ఒక చెక్క, కారు పక్కన కట్టుకోవడానికి టార్పాలిన్, నాలుగైదు పాత తువ్వాళ్ళు, టైర్లు తుడవడానికి ఒక గట్టి బ్రష్, టైర్ గేజ్, రెండో జత బూట్లు, రెండో జత సాక్సులు తీసుకెళ్ళండి. హెల్మెట్‌ను ఒక పొడి సంచిలో విడిగా పెట్టండి. తడిసిన హెల్మెట్ లోపల ఊపిరి తగలగానే ఆవిరి పట్టేస్తుంది, అప్పుడు ఎంత తుడిచినా ఆగదు. ఫ్లాస్కులో వేడి టీ కూడా ఉండాలి. కొండ ఒకసారి ఎక్కడాన్ని రన్ అంటారు. రెండు రన్‌ల మధ్య గంటలకొద్దీ ఆగాల్సి వస్తుంది. చలికి కొయ్యబారిన కాలితో క్లచ్ మెత్తగా వదలడం కుదరదు.

3. కొండ నడిచి చూడటం

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. చాలామంది వాన పడుతోందని కారులోనే కూర్చుండిపోతారు. మీరు గొడుగు తీసుకుని, నిర్వాహకులు అనుమతించిన వేళలో కొండ మొత్తం నడవండి. వానలోనే నడవండి. నీళ్ళు ఎటు పారుతున్నాయో అప్పుడే కనిపిస్తుంది.

నడిచేటప్పుడు కళ్ళతో పాటు కాళ్ళతో కూడా చూడాలి. బూటు అడుగును రోడ్డు మీద రాసి చూడండి. గరుకుగా ఉన్న తారు, నున్నబడిన తారు, అతుకు వేసిన చోటు ఒక్కోటి ఒక్కోలా తగులుతాయి. స్టార్ట్ దగ్గర కార్లు వదిలిన రబ్బరు నల్లగా పేరుకుని ఉంటుంది. పొడిలో అది పట్టు ఇస్తుంది, తడిలో సబ్బులా జారుతుంది. తెల్ల గీతలూ అంతే. రోడ్డుకు అడ్డంగా చిన్న వాగులా నీళ్ళు పారే చోట్లు ఉంటే, వాటికి ఎదురుగా ఏ చెట్టు, ఏ బోర్డు ఉందో గుర్తుపెట్టుకోండి. కారులో కూర్చున్నాక నీళ్ళు కనిపించవు, చెట్టు కనిపిస్తుంది.

చెట్ల సంగతి వేరుగా చెప్పాలి. వాన మొదలయ్యేటప్పుడు చెట్ల కింద రోడ్డు పొడిగా ఉంటుంది. వాన వెలిశాక అదే చోట గంటసేపు ఆకుల నుంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి. ఎండొచ్చింది కదా అని ధైర్యంగా వెళ్ళినవాళ్ళు జారేది సరిగ్గా అక్కడే. షెల్‌స్లీలో మొదట కెన్నెల్, తర్వాత క్రాసింగ్ అనే మలుపులొస్తాయి. ఆ పైన ఒకదాని వెంట ఒకటిగా బాటమ్ ఎస్, టాప్ ఎస్ వస్తాయి. నేను మొదటి తడి వారాంతంలో వాటిని ఒకే రకం తడిగా అనుకున్నాను. అంతకుముందు వెళ్ళిన కార్లు లోపలి అంచు మీదుగా రోడ్డు మీదికి లాగిన బురదను పట్టించుకోలేదు. కారు వెనక భాగం తిరిగిపోయి గడ్డిలో ఆగాను. కారుకు ఏమీ కాలేదు కానీ ఆ రన్ పోయింది. తర్వాతి పోటీ నుంచి నడకకు వెళ్ళినప్పుడల్లా వంగి అంచులు చూస్తున్నాను.

4. టైర్లు, గాలి

రోడ్డు టైర్ల క్లాసులో ఉంటే మార్చడానికి పెద్దగా ఏమీ లేదు. గాడులు లోతుగా ఉన్న టైర్లుంటే చాలు. స్లిక్స్, అంటే గాడులు లేని నున్నటి రేసు టైర్లు, వాడే క్లాసులో ఉంటే వెట్ టైర్లు (వాన టైర్లు) రిమ్ములకు ఎక్కించి సిద్ధంగా పెట్టుకోండి. క్యూలోకి పిలిచాక మార్చే టైమ్ ఉండదు.

గాలి ఎంత పెట్టాలని అడిగితే పదిమంది పది లెక్కలు చెప్తారు. నా పద్ధతి ఒక్కటే. శనివారం ప్రాక్టీసులో ఒక రన్‌కి ఒక్క మార్పే, అదీ 2 పీఎస్ఐ చొప్పున మాత్రమే చేసి రాసుకుంటాను. గాలి, సస్పెన్షన్, గేరు అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) సర్దుకునే వీలుంటే కాస్త మెత్తగా పెట్టండి.

5. క్యూలో

మీ క్లాసును పిలిచాక స్టార్ట్ వైపు కార్లు వరసగా కదులుతాయి. అక్కడ గడ్డి మీదుగా వస్తే టైర్లకు బురద అంటుకుంటుంది. తోడుగా వచ్చినవాళ్ళుంటే బ్రష్‌తో, తువ్వాలుతో తుడిపించండి. మీ బూట్లు తుడుచుకోవడం మర్చిపోకండి. తడి బూటు బ్రేక్ మీద నుంచి జారితే మిగతా జాగ్రత్తలన్నీ వృథా. బ్లోయర్ వేడిగా పెట్టి అద్దానికి తిప్పండి. గీత దగ్గరికి వచ్చేదాకా హెల్మెట్ వైజర్ (కళ్ళ ముందుండే అద్దం) తెరిచే ఉంచండి.

ఈ లోపు ముందు వెళ్ళే కార్లను చెవితో గమనించండి. ఇంజిన్ మోత ఒక్కసారిగా పైకి లేచిందంటే చక్రాలు ఊరికే తిరిగాయని అర్థం. వరసగా ముగ్గురికి ఒకేచోట అలా వినిపిస్తే అక్కడ ఏదో ఉంది.

6. స్టార్ట్

మార్షల్, అంటే దారి దగ్గర ఉండే పోటీ సిబ్బంది, మీ కారును గీత దగ్గర సరిచేసి, వెనక చక్రం కింద చెక్క దిమ్మె పెడతారు. దాంతో హ్యాండ్‌బ్రేక్ అవసరం ఉండదు, కారు వెనక్కి జారదు. పచ్చ లైట్ వెలిగిందంటే దారి మీది అని అర్థం, వెంటనే దూకమని కాదు. మీరు కదిలి కిరణం తెగినప్పుడే లెక్క మొదలవుతుంది. కాబట్టి టెన్షన్ పడకండి. ఊపిరి ఒకసారి వదిలి, వైజర్ మూసి బయల్దేరండి.

పొడి రోడ్డు మీద 5000 ఆర్‌పీఎమ్ దగ్గర క్లచ్ వదిలేవాళ్ళు తడిలో దాదాపు సగానికి తగ్గించి మొదలుపెట్టాలి. క్లచ్‌ను ఒక్కసారిగా కాకుండా పిండుతున్నట్టు వదలాలి. చక్రం కదిలిన తర్వాతే యాక్సిలరేటర్ పెంచాలి. ఇంజిన్ ముందు చక్రాలను తిప్పే కార్లకు కొండ ఎక్కేటప్పుడు బరువు వెనక్కి పోతుంది కాబట్టి జారుడు ఇంకా ఎక్కువ. వాటితో మరింత ఓపిక కావాలి. పవర్ మరీ ఎక్కువైతే రెండో గేరులో బయల్దేరడం కూడా ఒక దారి.

తడిలో పవర్ ఎంత తక్కువ పనికొస్తుందో షెల్‌స్లీ చరిత్రలోనే ఉంది. జర్మన్ డ్రైవర్ హాన్స్ స్టక్ 1930లో ఆస్ట్రో-డైమ్లర్ కారుతో 42.8 సెకన్లలో ఎక్కి రికార్డు పెట్టాడు. 1936లో 16 సిలిండర్ల ఆటో యూనియన్‌తో తిరిగొచ్చాడు. అప్పటికి ప్రపంచంలోనే భీకరమైన రేసు కార్లలో అదొకటి. ఆ రోజు వాన పడింది. టైమ్ 48.8. ఎంతో బలమైన కారుతో, అదే మనిషి, ఆరు సెకన్లు వెనకబడ్డాడు. చిన్న కారుతో వచ్చిన కొత్తవాళ్ళు వాన రోజున భయపడాల్సింది లేదని నేను నమ్మడానికి ఇదొక కారణం.

7. మలుపుల్లో

తడి తారు మీద పట్టు మూడో వంతు తగ్గిందనుకుందాం. బ్రేక్ వేసి ఆగే దూరం ఒకటిన్నర రెట్లు అవుతుంది. మలుపులో వేగం మాత్రం అయిదో వంతు కంటే తక్కువే తగ్గుతుంది. దీన్నిబట్టి తడిలో టైమ్ కాపాడుకునే చోటేదో తెలుస్తుంది. బ్రేక్ ముందుగా, మెత్తగా, కారు తిన్నగా ఉన్నప్పుడే వేసెయ్యండి. కొండ కూడా మీకు సాయపడుతుంది, ఎక్కుడు దారిలో కారు తనంతట తనే నెమ్మదిస్తుంది. మలుపులోకి వెళ్ళాక స్టీరింగ్ ఒక్కసారి తిప్పి అలాగే పట్టుకోండి. బయటికి వచ్చేటప్పుడు స్టీరింగ్ తిన్నగా అవుతున్నకొద్దీ పాదం నొక్కండి. వెనక భాగం కదిలితే యాక్సిలరేటర్ ఠక్కున వదలకండి, కొద్దిగా తగ్గించండి.

ఎర్ర జెండా కనిపిస్తే వెంటనే నెమ్మదించి ఆగాలి. ముందు కారు గడ్డిలో ఉందేమో, మార్షల్ రోడ్డు మీద ఉన్నారేమో. మీకు మళ్ళీ రన్ ఇస్తారు. వానలో గంటలకొద్దీ నిలబడే ఆ మార్షల్స్‌లో ఎక్కువమంది జీతం లేకుండా వచ్చినవాళ్ళే. సాయంత్రం వాళ్ళకొక థ్యాంక్స్ చెప్పండి.

8. శనివారం చీటీ, ఆదివారం నిర్ణయం

చాలా వారాంతాల్లో శనివారం ప్రాక్టీస్, ఆదివారం లెక్కలోకి వచ్చే రెండు రన్‌లు ఉంటాయి. ఆ రెండింట్లో మంచి టైమే లెక్క. టైమ్ చీటీలో మొత్తం టైమ్‌తో పాటు మొదటి 64 అడుగుల టైమ్ కూడా ఉంటుంది. అది స్టార్ట్ ఎలా చేశారో చెప్పేస్తుంది. 64 అడుగులు బాగుండి మొత్తం టైమ్ పెరిగితే తప్పు మలుపుల్లో ఉంది. 64 అడుగులే పాడైతే క్లచ్, ఆర్‌పీఎమ్ సంగతి చూసుకోండి. మీ క్లాసులో మీలాంటి కారు ఉన్నవాళ్ళ చీటీతో పోల్చుకోండి. ఇక్కడ అడిగితే దాచుకునేవాళ్ళు తక్కువ.

ఆదివారం పొద్దున ఆకాశం చూసి ఒక నిర్ణయం తీసుకోవాలి. మధ్యాహ్నం వాన వచ్చేలా ఉంటే మొదటి రన్‌నే చివరి రన్ అనుకుని వెళ్ళండి. పొద్దున ముసురు పట్టి తర్వాత తెరిపిస్తుందంటే మొదటి రన్‌ను జాగ్రత్తగా ముగించి ఒక టైమ్ రాయించుకోండి, రెండో దాంట్లో తెగించండి. కనీసం ఒక టైమ్ చేతిలో ఉంటే రెండోసారి పాదం ధైర్యంగా కదులుతుంది.

9. ఇంటికి

రోడ్డు మీదికి వెళ్ళేముందు టైర్లలో గాలి మామూలు లెక్కకు తేవాలి, వీల్ నట్లు మళ్ళీ బిగించాలి. ఓవరాల్స్, గ్లౌజులు ఆ రాత్రే ఆరేయండి, సంచిలోనే వదిలేస్తే బూజు పడతాయి. హెల్మెట్ లోపలి బట్టను గాలికి ఆరనివ్వండి, హీటర్ దగ్గర పెట్టకండి. కారును హ్యాండ్‌బ్రేక్ లాగి వదలకండి. తడి బ్రేకులు తెల్లారేసరికి తుప్పుతో అతుక్కుంటాయి. సమంగా ఉన్న చోట గేరులో పెట్టి, చక్రానికి ఒక ఇటుక అడ్డం పెట్టండి. తర్వాత పడుకోబోయే ముందే నోట్‌బుక్ తీసి గాలి ఎంత, ఆర్‌పీఎమ్ ఎంత, ఏ చెట్టు దగ్గర జారింది, 64 అడుగులు ఎంత వచ్చిందీ రాసేయండి. అదే కొండకు మళ్ళీ వెళ్ళే రోజున వాన పడితే, నడకకు బయల్దేరేముందు చదవాల్సిన పేజీ అదే.