ట్యాంకు మీది సెన్సర్ - 3వ పాఠం: నోడ్ తన అడ్రస్ తానే కట్టుకునే తీరు

పోయిన పాఠంలో కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో డాబా మీది నీళ్ల ట్యాంకుకి ఒక నోడ్ (సెన్సర్, రేడియో ఉన్న చిన్న బోర్డు), కింద సంపుకి ఒక నోడ్ బిగించాం. బ్యాటరీ హోల్డర్లు దొరక్కపోతే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లండి. ఈసారి ఆ రెండు నోడ్లకి ఐపీవీ6 అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో వాటిని గుర్తుపట్టే 128 బిట్ల నంబర్, ఎలా వస్తుందో చూద్దాం.

ముందు చోటెంతుందో చూడండి. ఈ నోడ్లు వాడే 802.15.4 అనే రకం రేడియో ఒక్కసారికి పంపగలిగే ముక్క (ఫ్రేమ్) 127 బైట్లు. ఐపీవీ6 హెడర్ (డేటాకి ముందు ఉండే చిరునామా చీటీ) ఒక్కటే 40 బైట్లు తినేస్తుంది, అందులో 32 రెండు అడ్రసులకే పోతాయి. ట్యాంకులో నీళ్లెంతున్నాయో చెప్పడానికి మనకు కావాల్సింది రెండు బైట్లు!

అందుకే అడ్రస్‌ని నోడ్ తన హార్డ్‌వేర్ నంబర్‌లోంచే (తయారీలోనే బోర్డుకి ఇచ్చిన నంబర్) తయారు చేసుకుంటుంది. ఆ నంబర్ ఫ్రేమ్‌లో ఎలాగూ ఉంటుంది కాబట్టి, అవతలి నోడ్ దాన్ని చూసి అడ్రస్ లెక్కకట్టుకుంటుంది. మళ్లీ విడిగా పంపక్కర్లేదు. 2011లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6282 (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) చెప్పే హెడర్ కుదింపు పద్ధతికి ఇదే ఆధారం.

కాగితం, పెన్ను తీసుకోండి. బోర్డు మీది 64 బిట్ల నంబర్ ఇదనుకుందాం (హెక్సాడెసిమల్‌లో, రెండేసి అంకెలు ఒక బైట్):

00-12-47-00-14-25-39-06

మొదటి బైట్‌ని బిట్లుగా రాయండి: 00000000. ఎడమ నుంచి ఏడో బిట్‌ని తిప్పండి (0 ఉంటే 1, 1 ఉంటే 0 చేయండి): 00000010. అంటే 00 కాస్తా 02 అయింది. మిగతావి ముట్టుకోవద్దు. రెండేసి బైట్లు కలిపి, మొదట్లో వచ్చే సున్నాలు వదిలేసి, ముందు ఎఫ్‌ఈ80 (పక్క నోడ్లతో మాట్లాడే అడ్రసుల మొదటి భాగం) తగిలిస్తే (:: అంటే మధ్యలో అన్నీ సున్నాలే):

ఎఫ్‌ఈ80::212:4700:1425:3906

ఆ ఒక్క బిట్ మర్చిపోయి నేనొక సాయంత్రమంతా డాబా మీద పింగ్ (ఉన్నావా అని అడిగే సందేశం) కొడుతూ కూర్చున్నాను. 212కి బదులు 12 అని రాశాను. ఆ అడ్రస్‌ని వెనక్కి తిప్పితే వచ్చే హార్డ్‌వేర్ నంబర్ గల నోడ్ అక్కడ లేనే లేదు, జవాబెక్కణ్ణుంచి వస్తుంది? బ్యాటరీలు కూడా మార్చి చూశాను. మీరు మాత్రం ముందు ఏడో బిట్ చూడండి.

అసలు తిప్పడమెందుకు? చేత్తో ఇచ్చే అడ్రసులు పొట్టిగా ఉండాలని. తిప్పే నియమం లేకపోతే ::1 అని రాసేచోట ::200:0:0:1 అని రాయాల్సొచ్చేది.

నోడ్‌కి 16 బిట్ల పొట్టి నంబర్ ఉంటే పని ఇంకా తేలిక. నంబర్ 7 అయితే ఎఫ్‌ఈ80::ఎఫ్‌ఎఫ్:ఎఫ్‌ఈ00:7. మధ్యలోది ఎప్పుడూ అదే, ఇక్కడ తిప్పడాలేమీ లేవు.

వచ్చే పాఠానికల్లా ఈ నంబర్‌కి అడ్రస్ కట్టి ఉంచండి: 02-00-00-00-00-00-00-09. దాంతోనే మొదలుపెడదాం.