వర్ణన ఎవరి కంటితో రాయాలి?

కథలో ఒక చోటును వర్ణించే ముందు, అక్కడ నిలబడిన పాత్ర ఏ పని మీద వచ్చిందో తేల్చుకోవాలి. కంటికి ఏది ఆనుతుందో ఆ పనే నిర్ణయిస్తుంది.

చార్మినార్ పక్కనున్న లాడ్ బజారు మీద నేను మొదట రాసిన కథలో "రంగురంగుల గాజులతో బజారు కళకళలాడుతోంది" అని రాసి మురిసిపోయాను. ఆ వాక్యం సుల్తాన్ బజారుకైనా, సికింద్రాబాదు జనరల్ బజారుకైనా అంతే చక్కగా అతుకుతుందని తరువాత గాని తెలిసిరాలేదు. పైగా నా కథలో అక్కడికి వచ్చినవాడు కూతురి పెళ్ళి గాజుల కోసం లెక్కగా డబ్బు తెచ్చుకున్న తండ్రి. అతనికి రంగులు పట్టవు. ధర చెప్పబోతూ దుకాణదారు అతని చెప్పుల వైపు చూసిన చూపు పడుతుంది.

అదే బజారును లక్క గాజులు చేసే కార్మికుడి వైపు నుంచి రాయాలంటే, బొగ్గుల మీద లక్క మెత్తబడే అదను, దాన్ని సాగదీసి గుండ్రంగా వంచే వేగం, గట్టిపడేలోపు ఒక్కొక్క రాయిని అదిమే వేలి కొస తెలిసి ఉండాలి. "నేర్పుగా చేస్తున్నాడు" అనే బదులు "వేళ్ళు కాయకట్టిపోయి, వేడి తెలియాలంటే మణికట్టు దగ్గర పెట్టి చూసుకోవాల్సి వస్తోంది" అని రాస్తే నేర్పుతోపాటు ఏళ్ళు కూడా కనబడతాయి.

సేకరించిన సమాచారమంతా గుమ్మరించాలనే ఆశ నాకూ ఉంది. చార్మినార్‌ను 1591లో కట్టారన్న మాట గైడు నోట నప్పుతుంది. అక్కడ తప్పిపోయిన పిల్లవాణ్ణి వెతికే తల్లి తలలో నప్పదు. అయితే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు 1908 మూసీ వరదలో తనపైకి ఎక్కినవారిని కాపాడిందన్న సంగతి, నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చి ఉంటాయోనని మెడ సాచి చూసే మనవడి ద్వారా వస్తే, చరిత్ర పాఠంలా ఉండదు.

విశేషణాలు రెండుంటే బలహీనమైనదాన్ని కొట్టేయండి. వాటి గురించి ఇంతకంటే చెప్పవలసినది లేదు.

రాశాక ఆ పాత్ర స్థానంలో మరొకరిని నిలబెట్టి వర్ణనను చదివి చూడండి. ఒక్క మాటైనా మార్చనవసరం లేకపోతే అది తిరగరాయవలసిన వర్ణనే. ఆ తండ్రి కథను అలా తిరగరాసినప్పుడు బజారు వర్ణన పన్నెండు వాక్యాల నుంచి మూడుకు తగ్గింది, మూడింటిలోనూ చెప్పులున్నాయి.